కత్తెరక్క కోసిన తెర

కర్టెన్లు కుట్టే ఆ కార్ఖానాలో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. యజమాని దగ్గర్నుంచి మూటలు మోసే మనిషి దాకా అందరికీ ఆమె కత్తెరక్కే. బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దగీత గీసి, ఒకసారి కత్తెర పెట్టిందంటే చివరంచు దాకా ఆగేది కాదు. మిషన్ల మీద కూర్చున్నవాళ్లు తల తిప్పి చూడనక్కర్లేకుండా, ఆ చప్పుడు బట్టే "అక్క కోస్తోంది" అనుకునేవాళ్లు. ఆమె కోసిన గుడ్డకు మళ్లీ కొలత వేయడమంటే ఆమెను అవమానించినట్టే.

అలాంటి మనిషి, ఒక హోటలు గదుల కర్టెన్లన్నీ జానెడు పొట్టిగా కోసింది. కింది అంచు మడతకు గుడ్డ వదలడం మరిచిపోయింది. కుట్టుపని మొదటిరోజు నేర్పే పాఠం అది. ఆ తర్వాత ఎవరింటి సోఫా చేతులకో గలీబులు కోస్తూ, కుడిది కోయకుండా రెండూ ఎడమవే కోసింది. అదీ దాటింది. పసిపిల్లల బడి కిటికీలకు పూలగుడ్డ కోస్తే, వేలాడదీశాక చూస్తే పూలన్నీ తలకిందులు. పిల్లలు మాత్రం మెడలు వంచి చూసి తెగ నవ్వారట.

యజమాని ఆమె కంటే చిన్నవాడు. వాళ్ల నాన్న హయాం నుంచీ ఆమె అక్కడే పనిచేస్తోంది. కసిరే స్వభావం కాదు అతనిది. గడ్డం గోక్కుంటూ, "అక్కా, కొన్నాళ్లు హుక్కులు కుట్టు. బల్ల పని కొత్త మాస్టర్ చూసుకుంటాడు" అన్నాడు.

"కొన్నాళ్లంటే ఎన్నాళ్లు బాబూ?"

"నీ చెయ్యి మళ్లీ కుదురుకునేదాకా."

ఆమె కత్తెర బల్ల మీద పెట్టేసింది. మూల ఉన్న ముక్కాలిపీట మీద కూర్చుని కర్టెన్ల తలలకు హుక్కులు కుట్టడం మొదలుపెట్టింది. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. టీ గ్లాసు అందిస్తూ "పాపం అక్క" అని గొంతు తగ్గించుకుని అనేవాళ్లు. ఆ పాపం అనే మాట ఆమెకు చెవిలో సూది దింపినట్టుండేది.

ఎందుకలా అయిందో అందరికీ తెలుసు, లేదా తెలుసనుకున్నారు. ఆమె భర్త ఇళ్లకు రంగులేసేవాడు. పరంజా మీదనుంచి పడి చనిపోయాడు. ఏడాది దాటింది. "మనసు కుదురు తప్పింది" అన్నారు. ఆమె ఒప్పుకునేది కాదు. "నా మనసుకేమైంది? రాయిలా ఉంది" అనేది. తెల్లారకముందే లేచి ఇల్లు కడిగేది, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది, కార్ఖానాకు అందరికంటే ముందొచ్చి కూర్చునేది. ఖాళీ అన్నది లేకుండా చూసుకుంటే చాలనుకుంది.

పీట మీద వంగి వంగి నడుం పట్టేసింది. అప్పుడు కల్పించుకున్నది ఆడపడుచు. భర్త పోయాక ఆ ఇంట్లో ఆమెకు తోడు వచ్చి ఉంటున్న మనిషి. బ్రెడ్లు, కేకులు అమ్మే కొట్లో కౌంటరు దగ్గర నిలబడుతుంది. ఒళ్లు బొద్దు, నోరు ఇంకా బొద్దు.

"వదినా, సైకిల్ షాపు మీద హాల్లో యోగా నేర్పుతున్నారు. పొద్దున్నే వెళ్దాం రా."

"ఈ వయసులో నాకా కుప్పిగంతులెందుకే పిల్లా?"

"పీట మీంచి లేచేటప్పుడు ఇల్లంతా వినపడేలా మూలిగేది నువ్వా, నేనా? పద. నీతో పోతే నాకూ కాస్త ఒళ్లు తగ్గుతుంది. మా కొట్లో కేకులు నన్ను చూసి భయపడుతున్నాయి."

హాల్లో గచ్చునేల. కిటికీలోంచి కింద షాపులో చక్రాలు సరిచేస్తున్న సుత్తి చప్పుడు, రబ్బరు వాసన. నేర్పే ఆమె ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఏం చెప్పినా చివర "మెల్లిగా" అని తగిలించేది. అందుకని వెనక వరసవాళ్లు ఆమెకు మెల్లిగమ్మ అని పేరుపెట్టారు. ఆమెకూ తెలుసు. పలికేది కూడా.

కత్తెరక్క యోగాను కూడా కోతపనిలాగే పట్టింది. చేతులెత్తమంటే అందరికంటే ముందు ఎత్తింది. వంగమంటే టక్కున వంగి, నొప్పిని పళ్లబిగువున పట్టి, వేళ్లు నేలకు ఆనించి, ఇంకా ఎవరైనా ఆనించారా అని కాళ్ల సందులోంచి వెనక్కి చూసింది. ఎవరూ ఆనించలేదు. ఆడపడుచు అయితే మోకాళ్ల దాకా కూడా రాలేదు. చేతులు గాల్లో వేలాడేసుకుని, కళ్లు మూసుకుని, ఏదో మంచి వాసన పీలుస్తున్నట్టు ముఖం పెట్టి అక్కడే ఆగిపోయింది.

మెల్లిగమ్మ వరసల మధ్య నడుస్తూ వచ్చి ఆడపడుచు దగ్గర ఆగింది. "బాగా చేస్తున్నావమ్మా. అలాగే ఉండు" అని ముందుకు వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చేదారంతా కత్తెరక్క బుసలు కొట్టింది. "నా చెయ్యి నేలకి తగిలింది. నీ చెయ్యి నీ మోకాలికి తగల్లేదు. మెచ్చుకున్నది నిన్నా!"

"మరి నేను అందంగా వంగానేమో వదినా."

"నీ మొహం! వంగితేగా!"

మర్నాడు క్లాసు అయ్యాక ఉండబట్టలేక మెల్లిగమ్మనే అడిగేసింది. "నేను చేసినదాంట్లో లోపమేంటండీ?"

"లోపమేం లేదు. చాలా బాగా వంగావు" అంది మెల్లిగమ్మ, చాపలు సర్దుతూ. "వంగేటప్పుడు ముందెక్కడ లాగింది? పిక్కలోనా, తొడ వెనకా, నడుములోనా?"

కత్తెరక్క ఒక చేత్తో పిక్క, ఇంకో చేత్తో నడుం తడుముకుంది. ఎక్కడ లాగిందో తెలియదు. లాగిందని మాత్రం తెలుసు.

"ఊపిరి తీశావా, వదిలావా?"

అదీ తెలియదు.

"నీ ఒళ్లు ఇక్కడికి వచ్చింది. నువ్వు రాలేదు. అంతే. రేపు కొంచెమే వంగు, ఏం జరుగుతోందో చూస్తూ వంగు. మెల్లిగా."

ఆ మాట విని కత్తెరక్కకు ఒళ్లు మండింది. అయినా మర్నాడు వెళ్లింది. కొంచెమే వంగింది. పిక్క దగ్గర ముందు లాగుతుందని తెలిసింది, ఊపిరి వదిలితే ఆ లాగుడు కాస్త జారుతుందనీ తెలిసింది. ఇన్నేళ్లుగా తన కాళ్ల మీద నిలబడి తన కాళ్ల సంగతి తనకు తెలియకపోవడం వింతగా అనిపించింది. పక్కవాళ్లు ఎంత వంగారో చూడటం ఆ రోజు మరిచిపోయింది.

చివర్లో అందరూ వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, ఊరికే ఉండే భాగం ఒకటుంది. అది మాత్రం ఆమె వల్ల కాలేదు. అందరూ పడుకోగానే లేచి, చెప్పులు వరసగా పెట్టడమో, కిటికీ తుడవడమో చేసేది. మెల్లిగమ్మ చూసేది గానీ ఏమీ అనేది కాదు. ఒకరోజు తుడవడానికి కిటికీ లేదు, అప్పటికే మెరిసిపోతోంది. చెప్పులూ సర్దేసి ఉన్నాయి. చేసేదిలేక పడుకుంది.

గచ్చు చల్లగా వీపుకు తగిలింది. ఊపిరి వస్తోంది, పోతోంది. కింద సైకిల్ షాపులో ఎవరో పాత ట్యూబును కత్తెరతో కోశారు. కర్ర్ మని చప్పుడు.

ఆమె ఊపిరి ఆగిపోయింది.

ఆగిందని తెలిసింది. ఇంతకుముందు కూడా ఆగేదేమో, ఈసారి చూసింది. ఆ ఆగిన చోట ఆస్పత్రి గది ఉంది. బల్ల మీద ఆయన. గుండీలు విప్పే తీరిక లేక ఎవరో కత్తెర తీసుకుని ఆయన చొక్కాను కింది నుంచి మెడ దాకా కోసేశారు. అది ఆమె కుట్టిన చొక్కా. రంగు మరకలు పోవని, పనికి వేసుకునేందుకే ముతకగుడ్డ తెచ్చి కుట్టింది. కోతలో ఆ గుడ్డ చేసిన చప్పుడు ఆమె చెవిలో పడింది. ఆ తర్వాత ఏం చేశారో, ఎవరేం చెప్పారో ఆమెకు గుర్తులేదు. ఆ చప్పుడు మాత్రం ఉండిపోయింది.

కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. చెయ్యెత్తి తుడుచుకోబోయింది. పక్కన వచ్చి కూర్చున్న మెల్లిగమ్మ ఆ చేతిని పట్టుకుని మళ్లీ నేల మీద పెట్టింది. "ఉండనీ. వస్తోందని చూస్తూ ఉండు. అదెంతసేపు వస్తుందో అదే చూసుకుంటుంది."

వచ్చింది, ఆగింది. ఆగాక ఊపిరి దానంతటదే నడిచింది.

ఆ రోజు దారిలో ఆడపడుచుకు మొత్తం చెప్పింది. హోటలు కర్టెన్లు, సోఫా గలీబులు, తలకిందుల పూలు. అన్నిటికీ మొదలు అక్కడే. కత్తెర గుడ్డను అందుకోగానే తను బల్ల దగ్గర ఉండటంలేదు, ఆ గదిలోకి వెళ్లిపోతోంది. చేతులు మాత్రం ఇక్కడ కోసుకుంటూ పోతున్నాయి.

ఆడపడుచు నడక ఆపేసింది. ఆమెకు ఆయన అన్న కదా. కాసేపు ముక్కు ఎగబీల్చి, "ఆ చొక్కాలో మా అన్న ఎంత బాగుండేవాడు వదినా" అంది.

"ఊఁ. భుజాలు కుదిరాయి దానికి."

ఇద్దరూ నడిరోడ్డు మీద నిలబడి నవ్వారో ఏడ్చారో వాళ్లకే తెలియాలి.

ఇక ఇంట్లో సాధన మొదలైంది. పాత దుప్పటి పరుస్తుంది. నిలబడుతుంది. అరికాళ్లు నేల మీద ఎక్కడ ఆనాయో చూసుకుంటుంది. కత్తెర పెడుతుంది. చప్పుడు వినగానే ఆ చొక్కా వస్తుంది. వచ్చిందని చూస్తుంది, తరిమికొట్టదు. ఊపిరి వదులుతుంది. కత్తెరను ఇంకొంచెం జరుపుతుంది. మొదట్లో జానెడు కోసేసరికే గీత తప్పేది. తప్పిందని తిట్టుకోకుండా, ఎక్కడ తప్పానా అని చూసేది. క్రమంగా గీతలు సాపయ్యాయి. చొక్కా వస్తూనే ఉంది, కానీ వచ్చి తన పక్కన నిలబడుతోంది. తనను ఎత్తుకుపోవడంలేదు.

"వదినా, దుప్పట్లన్నీ అయిపోయాయి" అంది ఆడపడుచు ఒకరోజు, పీలికల కుప్పలో కాళ్లుపెట్టుకుని. "చలికాలం వస్తే ఏం కప్పుకుందాం, యోగా కప్పుకుందామా?"

అలాంటి రోజుల్లోనే నాటకశాలవాళ్ల పని వచ్చింది. పెద్ద స్టేజీ తెర, ముదురు ఎరుపు వెల్వెట్. తెచ్చిన తానులు సరిగ్గా తెరకు సరిపోయేంతే ఉన్నాయి. రంగు వేసిన మిల్లు మూతపడింది, ఆ ఎరుపు మళ్లీ దొరకదు. ఒక్క ముక్క తప్పు కోస్తే తెరలో మచ్చ పడ్డట్టే.

పైగా వెల్వెట్ మాయదారి గుడ్డ. దాని నూగుకు ఒక వాటం ఉంటుంది. ఒకవైపు నిమిరితే పిల్లి వీపులా జారుతుంది, రెండోవైపు నిమిరితే అరచేతికి అడ్డుపడుతుంది. తెరలో నిలువు ముక్కలన్నిటికీ నూగు ఒకే వైపు వాలాలి. ఒక్కటి తిరగబడినా మామూలు వెలుతురులో కనపడదు. స్టేజీ లైట్లు పడ్డప్పుడు ఆ ముక్కొక్కటీ వేరే రంగులా బయటపడుతుంది. అప్పటికి చేసేదేమీ ఉండదు.

కత్తెరక్క ముక్కాలిపీట మీంచి లేచి యజమాని ముందు నిలబడింది.

"ఆ తెర నేను కోస్తాను బాబూ."

మిషన్లన్నీ ఆగాయి. యజమాని గడ్డం గోక్కోవడం మొదలుపెట్టాడు. "అక్కా, నీ మీద గౌరవం లేక కాదు..."

"గౌరవం పక్కనపెట్టు. చెయ్యి కుదిరేదాకా అన్నావు. కుదిరిందో లేదో చూడవా?"

"చూడ్డానికి ఇంకో తాను ఉంటే చూసేవాణ్ణి. ఇది పోతే నా కార్ఖానా పరువు పోతుంది."

"నాదీ పోతుంది. ఈసారి పోతే నేనే ఆ పీట కూడా వదిలేసి ఇంటికెళ్తా."

కొత్త మాస్టర్ ముందుకొచ్చాడు. "సార్, ఉన్నమాట చెప్తాను. వెల్వెట్ అంటే నాకు భయం. నిన్నట్నుంచీ ఎవరైనా అడ్డుపడితే బాగుండునని మొక్కుకుంటున్నా. అక్క కోస్తే నేను గుడ్డ పట్టుకుంటా."

మిషన్ మీద కూర్చున్న ముసలాయన ముక్కుమీది కళ్లజోడు పైకి తోసుకుని, "కుట్టాల్సినవాణ్ణి నేను. నా ఓటు అక్కకి" అన్నాడు.

"ఇక్కడ ఎన్నికలు పెట్టారా!" అని విసుక్కున్నాడు గానీ, యజమాని కత్తెర తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

మర్నాడు పొద్దున మొదలుపెట్టింది. గుడ్డ పరిచారు, గీత పడింది. ఆమె రెండు కాళ్ల మీదా సమంగా నిలబడి, ఎడమ అరచెయ్యి గుడ్డ మీద ఆనించి, ఒక ఊపిరి పూర్తిగా వదిలింది. మూటలు మోసే మనిషి "అక్క నిద్రపోయిందా?" అని గుసగుసలాడాడు. కత్తెర పడింది. కర్ర్ మంది వెల్వెట్. చొక్కా వచ్చింది. రా, నిలబడు అనుకుంది. కత్తెర ఆగలేదు. మునుపటంత వేగం లేదు, కానీ మునుపటికంటే నిండుగా ఉంది ఆ చప్పుడు. మొదటి ముక్క చివరంచు దాకా కోసి, కొలత వేయమని తనే టేపు యజమాని చేతికిచ్చింది. వెంట్రుకవాసి తేడా లేదు.

ఒకదాని వెంట ఒకటి ముక్కలు పడుతూ పోయాయి. మధ్యాహ్నం అన్నాలయ్యేసరికి ఒక తాను అయిపోయింది. ఇంకో తాను తెచ్చి విప్పి పరిచారు. అప్పటికి అందరికీ ఊపు వచ్చేసింది. పాటలు, వేళాకోళాలు. ముసలాయన కుట్లు వేస్తూ "అక్కా, నేనే వెనకబడ్డా, కానియ్ కానియ్!" అని అరుస్తున్నాడు. ఆమెకూ ఒంట్లో పాత పరుగు పుట్టింది. ఎన్నాళ్లకు! కత్తెర నోరు తెరిచింది. గుడ్డ అంచు దాని మధ్యకు వచ్చేసింది.

ఊపిరి వదల్లేదని తెలిసింది.

అంతే తెలిసింది. ఇంకేమీ కాదు. ఆగి, వదిలింది. గుడ్డ మీద ఆనించిన అరచెయ్యి ఆ ఊపిరితో పాటు కిందికి జరగబోయింది, జరగలేదు. వేళ్లకు సన్నగా ఏదో అడ్డుపడింది. పొద్దుట్నుంచీ జారిన చెయ్యి ఇప్పుడు జారడంలేదు.

కత్తెర మూసి పక్కన పెట్టింది. "ఆగండి."

"ఏమైందక్కా?" యజమాని ముఖం పాలిపోయింది.

"నూగు తిరగబడింది. ఈ తాను మిల్లులో రెండో కొస నుంచి చుట్టారు. మనం మామూలుగానే విప్పుకున్నాం."

కొత్త మాస్టర్ వంగి చూశాడు. కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూశాడు. "తేడా ఏం లేదే అక్కా!"

"కళ్లతో కాదు నాయనా. కళ్లు మూసుకుని నిమురు."

అతను కళ్లు మూసుకుని పొద్దుటి ముక్కను నిమిరాడు, తర్వాత దీన్ని నిమిరాడు. కళ్లు తెరిచి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. యజమాని కూడా నిమిరాడు. ముసలాయన మిషన్ మీంచి లేచి వచ్చి నిమిరాడు. మూటలు మోసే మనిషి వంతుకు వచ్చేసరికి, "ఒరే, అందరూ నిమిరితే నూగంతా రాలిపోతుంది, తిప్పి పరవండి!" అని కత్తెరక్క గట్టిగా అరిచింది. అలా అరిచి ఏడాది దాటింది. కార్ఖానా అంతా గొల్లుమంది.

గుడ్డ తిప్పి పరిచారు. కొస నుంచి కొస దాకా ఆమె కోసింది.

తెర వేలాడదీసిన రోజు కార్ఖానా కార్ఖానాయే నాటకశాలకు కదిలింది. ఆడపడుచు కొట్టుకు సెలవు పెట్టి మెల్లిగమ్మను కూడా వెంటబెట్టుకొచ్చింది. ఖాళీ కుర్చీల మధ్య అందరూ నిలబడ్డారు. లైట్ల మనిషి పైన మీటలు వేశాడు. ఒక్కొక్క దీపం వెలిగి వెలుతురు మెల్లగా తెరనంతా కమ్మింది.

కత్తెరక్క గుండె దడదడలాడింది. దడదడలాడుతోందని చూసింది. ఊపిరి వదిలి, తలెత్తింది.

పై నుంచి కింది దాకా, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే ఎరుపు. ఎక్కడ ముక్కకు ముక్క కలిసిందో కుట్టిన ముసలాయనే వేలుపెట్టి చూపలేకపోయాడు. నాటకశాల మేనేజరు "ఒకే గుడ్డలా ఉందే!" అన్నాడు. యజమాని గడ్డం గోక్కోవడం మరిచిపోయి చప్పట్లు కొట్టాడు. ఆడపడుచు ముందు వరసలో కూర్చుని, ఈల వేయబోయి రాక, నోటితోనే "వదినా, ఒన్స్‌మోర్!" అని అరిచింది. మెల్లిగమ్మ నవ్వుతూ, అందరికంటే గట్టిగా, అందరికంటే త్వరత్వరగా చప్పట్లు కొట్టింది.

చప్పట్లు ఆగాక యజమాని దగ్గరకొచ్చాడు. "అక్కా, ఈ కుర్చీలకు కూడా కొత్త గలీబులు కావాలట. రేపట్నుంచి బల్ల నీదే. ఎప్పుడు మొదలుపెడదాం?"

"రేపెందుకు?" అంది కత్తెరక్క. మెడలోని టేపు తీసి, మొదటి వరసలో ఆడపడుచు కూర్చున్న కుర్చీ ముందు మోకాళ్లూనింది. "లేవే పిల్లా, కొలత తియ్యాలి."